పరకాల మిల్లు ఎదుటి చాయ్ హోటల్

దయ్యాలున్నాయంటే నేనెన్నడూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది వరంగల్. నేనూ మా అన్న సలీమూ పత్తి మిల్లుల్లో తూకం వేసే ఎలక్ట్రానిక్ కాంటాలు రిపేరు చేసేవాళ్లం. అన్న చదివింది పదో తరగతే. అయినా ఫోన్‌లో క్వాంటం ఫిజిక్స్ వీడియోలు పెట్టుకుని, అర్థం కాని చోట మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేవాడు. అన్నం తినేటప్పుడు నాకు చెప్పేవాడు.

"ఒక పని ఇట్లనన్న కావచ్చు, అట్లనన్న కావచ్చు అన్నప్పుడు రెండూ అయితయట్రా. ఒక లోకంల ఇట్ల, ఇంకో లోకంల అట్ల. ఈడున్నోల్లకు ఆడిది కనవడదు."

"ఆడ గూడ కాంటాలు ఖరాబైతయా?" అని నవ్వేవాణ్ని.

మూడేళ్ల క్రితం పరకాల మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లాల్సిన వంతు నాది. బద్ధకమేసి, జ్వరమని అబద్ధమాడి దుప్పటి కప్పుకున్నాను. అన్న బండి తీశాడు. దారిలో లారీ గుద్దింది. దవాఖానకు చేర్చేలోపే పోయాడు.

నాకు జ్వరం లేదన్న సంగతి అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత పరకాల వైపు పోలేదు. పోయిన పత్తి సీజన్‌లో తప్పలేదు. పని అయ్యాక మధ్యాహ్నం మిల్లు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో మొదటిసారి కూర్చున్నాను. హోటల్ నడిపే ముసలాయన మల్లయ్య నన్ను చూసి, చాయ్ పోస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"నువ్వు సలీం తమ్మునివి గదా? లారీ కింద వడి సచ్చిపోయినవని మీ అన్న చెప్పిండే."

పొరబడ్డాడనుకున్నాను. "పోయింది మా అన్న, కాకా. రెండేండ్లాయె."

"గదెట్ల? మొన్న శుక్రారం గూడ వచ్చిండు. ఫోన్ల నీ ఫోటో సూపెట్టిండు. తమ్ముడు జెరమున్నదన్నా ఇనకుండ మిల్లుకు తోలిన, నేనే సంపుకున్న అని ఒకటే ఏడుపు."

నా ఫోన్లో అన్న ఫోటో చూపించాను. "గీనెనే" అన్నాడు. పక్క దుకాణాల వాళ్లను అడిగితే, మల్లయ్య తాగే మనిషి కాడనీ, అన్నను మాత్రం తాము చూడలేదనీ చెప్పారు.

భయం కంటే ముందు నాకు తోచింది ఒక్కటే. నేను పోయి అన్న మిగిలిన లోకం ఒకటుంటే, అక్కడ లేని జ్వరం కోసం అన్న కుమిలిపోతున్నాడు.

"మల్లొస్తే జర చెప్పు కాకా. ఆ దినం తమ్మునికి జెరం లేకుండె, అబద్ధమాడిండు అని."

ఆ వచ్చే శుక్రవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మరుసటి శుక్రవారం అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చి, శనివారం వెళ్లాను.

"నిన్న వచ్చిండు," అన్నాడు మల్లయ్య. "చెప్పిన. గా మాట ఎవ్వలు చెప్పిండ్రు అని అడిగిండు. మీ తమ్ముడే, పోయిన వారం గీడనే కూసున్నడు అని చెప్పిన. గ్లాసు ఆడనే వెట్టి, నిన్ను ఎతుక్కుంట రోడ్డు మీదికి ఉరికిండు."

తర్వాతి వారాల్లో ఎన్నిసార్లు అడిగినా, అన్న మళ్లీ రాలేదనే చెప్పాడు.

ఆ శనివారమే ఇంటికొచ్చి అమ్మకు నా అబద్ధం సంగతి చెప్పేశాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒకాయనను అడిగాను. అన్న చెప్పినలాంటి లోకాలు ఉన్నా, ఒకదాని నుంచి ఇంకోదానికి మాట చేరదన్నాడు. అలాగైతే జ్వరం మాట మల్లయ్య దాకా ఎలా చేరింది? అప్పటిదాకా అది మా ఇల్లు దాటలేదు. ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు.