పదమూడో మోటరు

మా లైన్‌మన్ కాక పోయాడని మొన్న పొద్దున దేవరుప్పుల నుంచి ఫోన్ వచ్చింది. నిండు వయసే, అయినా ఉన్నపళంగా ఊరికి బయలుదేరాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

మా పొలాల ట్రాన్స్‌ఫార్మర్ రేకు మీద రాసిన లెక్కన పదిహేను మోటర్లు నడవాలి. కాక పన్నెండుకే ఒప్పుకునేవాడు. "మూడు మోటర్ల జాగ ఖాళీగుండాలె. ఎండలకు దాని లోపల నూనె కాగుతది. కరెంటు రాంగనె మీ మోటర్లన్నీ ఒక్కపాలి గుంజుతయి. దానికి ఊపిరాడొద్దా?" అనేవాడు. రోజూ వేపకట్టె ఒక కొసను దాని కింది గద్దెకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినేవాడు. వింటూ ఎవరికో జవాబు చెప్తున్నట్టు తల ఊపేవాడు. అది కాకకు రెండో సంసారమని మేం నవ్వుకునేవాళ్లం.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. భూపాలపల్లి బొగ్గుబాయిలు బందై, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. అందరూ మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టి ఇళ్లల్లో కూర్చున్నారు. నా వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలిచ్చింది. ఎంత బతిమాలినా కాక నాకు లైను ఇవ్వలేదు. కోపమొచ్చి, కరెంటు లేనప్పుడు నేనే తీగలకు కొండ్లు తగిలించి దొంగ లైను గుంజుకున్నాను. నాది పదమూడోది. నన్ను చూసి ఇంకో నలుగురు తగిలించారు.

మిట్టమధ్యాహ్నం కరెంటొచ్చింది. అన్ని మోటర్లూ ఒక్కసారే లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ మనిషిలా మూలిగింది. కాక స్విచ్ గుంజడానికి ఉరికాడు, మరిగిన నూనె ఆయన కుడిచేతి మీద చిమ్మింది. ఆ చెయ్యి మళ్లీ పిడికిలి పట్టలేదు.

జనగామ దవాఖానలో చూడబోతే, కళ్లు మూసుకునే అన్నాడు: "బిడ్డా, నీ మోటర్ బేరింగ్ పోయింది, జర మార్చుకో. 'గీ' అని కూత పెడుతున్నది."

నా మోటరు నడిచింది ఆ ఒక్క నిమిషమే. దాని గొంతు ఆయన ఎక్కడ విన్నాడు? నేనే అని చెప్పలేక తల దించుకున్నాను. ఊళ్లో ఎవరికీ ఆయన నా పేరు చెప్పలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ వేయించి, మొదటి లైను నాకే ఇచ్చాడు. నేను తిన్న ప్రతి ముద్దలో ఆయన చెయ్యి ఉంది.

మొన్న కాక ఇంట్లో ఆయన భార్య, మా చిన్నమ్మ, ఏడుస్తూనే వేపకట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ కాక నీకే ఇయ్యమన్నడు" అంది.

ఆయన కోసం ఆ పూట లైను బంద్ పెట్టారు. నేను పొలాలకు పోయాను. ఎక్కడా ఒక్క మోటరు చప్పుడు లేదు. బాగుచేసి మళ్లీ ఎక్కించిన ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ గద్దెకు కట్టె ఆనించి చెవి పెట్టాను. మీరు నమ్మినా నమ్మకపోయినా, కరెంటు లేకున్నా లోపల మోత వినబడింది. దాని మీద సన్నగా గీ. ఎప్పుడో పాత ఇనుప సామానుకు అమ్మేసిన నా మోటరు గొంతు.

"నేనే కాకా. పదమూడోది నాదే" అన్నాను.

గీ ఆగింది. మోత మాత్రం నడుస్తూనే ఉంది, తొందర లేకుండా, నిండుగా ఊపిరి తీసుకుంటున్నట్టు.