తాళాల గుత్తి వినిపించే హెడ్‌ఫోన్లు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆయన చెవులాయన. చెవులు పెద్దవని కాదు, మనిషికి తగ్గ చెవులే. ఒకరోజు తన ఇంట్లో కూర్చుని, ఎదురింటి వాళ్ల ఫ్రిజ్ మూలుగుతోందన్నాడు. వాళ్లు నవ్వారు. వారం తిరక్కుండా ఆ ఫ్రిజ్ ఆగిపోయింది. ఇక అప్పట్నుంచి ఎవరు మిక్సీ కొన్నా, స్కూటరు కొన్నా ఒకసారి ఆయనకి వినిపించుకుని వెళ్లేవాళ్లు. ఆయన కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి "బేరింగు" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. ఎక్కువ చెబితే విలువ తగ్గుతుందని ఆయనకి ఎవరూ నేర్పకుండానే తెలుసు.

పని చేసేది రికార్డింగ్ స్టూడియోలో. స్టూడియో అంటే ఏదో అనుకునేరు. బట్టల దుకాణం మీద మూడు గదులు. అక్కడికి పాటలు పాడేవాళ్లెవరూ రారు. పిల్లల పాఠాలు, ఫోనులో "దయచేసి వేచి ఉండండి" అనే మాటలు, లిఫ్టులో ఎన్నో అంతస్తు వచ్చిందో చెప్పే గొంతు, ఇలాంటివే తయారవుతాయి. ఇవన్నీ చదివేది ఒక్కావిడే. ఆవిడని పాఠాలావిడ అనేవాళ్లు. అద్దానికి అటువైపు మైకు ముందు ఆవిడ, ఇటువైపు మీటల బల్ల ముందు ఈయన. బయటి గదిలో ఓనరు. ఓనరుకి ఈల శబ్దానికీ ఈగ శబ్దానికీ తేడా తెలియదు. ఆ గుట్టు బయట పడకుండా, చెవులాయన తల ఊపినప్పుడల్లా తనూ ఊపేవాడు.

మధ్యలో ఓనరు అల్లుడు వచ్చి చేరాడు. అతను వినడు, చూస్తాడు. కంప్యూటరులో గొంతు గీతలు గీతలుగా కనబడుతుంటే వాటిని కత్తిరించి అతికించి, "అయిపోయింది, ఇంక వినడం ఎందుకు?" అంటాడు. అలా అంటూ చెవులాయన కుర్చీకేసి చూస్తాడు. కుర్చీకి ఎసరు వచ్చిందని చెవులాయన భార్యకి ఎప్పుడో అర్థమైంది. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "చెవి ఉన్నంతకాలం నా కుర్చీ ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

ఇంతలో లిఫ్టు కంపెనీ వాళ్లు విసుక్కున్నారు. ఏ అంతస్తు వచ్చినా "అంతస్తు" అనే మాట చివర గొంతు బుస్సుమంటోందట. లిఫ్టులో పాము దూరిందని ఒక ముసలాయన మెట్ల మీంచి దిగిపోయాడట. చెవులాయన ఆ రికార్డింగ్ మళ్లీ విన్నాడు, పెదవి విరిచాడు. లోపం లిఫ్టుదేనన్నాడు. ఓనరు తల ఊపి లిఫ్టుదే అన్నాడు. కంపెనీ వాళ్లు మాత్రం ఊపలేదు. ఇంకొక్కసారి బుస్సుమంటే వేరే చోటు చూసుకుంటామని చెప్పి వెళ్లారు. అల్లుడు ఆ సాయంత్రం చెవులాయన కుర్చీలో కూర్చుని, ఎత్తు సరిపోతుందో లేదో చూసుకున్నాడు.

ఆ సమయంలోనే స్టూడియోలో హెడ్‌ఫోన్లు పాడయ్యాయి. వెనక మూత ఉండే రకం అవి. లోపలి శబ్దం బయటికి కారి మైకులో పడకుండా, బయటి గోల లోపలికి రాకుండా చెవిని గిన్నె బోర్లించినట్టు మూస్తాయి. వాటి మెత్తలు ఊడిపోయి, తీసిన ప్రతిసారీ పాఠాలావిడ చెవుల మీద నల్లటి పొట్టు అంటుకునేది. ఆవిడ అద్దంలో చూసుకోకుండా అలాగే ఇంటికి వెళ్తే, నిప్పుల్లో పడ్డావా అని అత్తగారు అడిగిందట. కొత్తవి కొనాలన్నాడు ఓనరు. ఏవి కొనాలో చెప్పేది ఎవరు? ఇంకెవరు.

దుకాణాల వాళ్లు పెట్టెలు పెట్టెలుగా పంపించారు, నచ్చినవి ఉంచుకుని మిగిలినవి తిప్పి పంపమన్నారు. చెవులాయనకి పెళ్లిచూపులకి వెళ్లినంత హడావుడి. ముందు ఊరికే తలకి పెట్టుకుని చూశాడు. కళ్లజోడు కాడని కణతలోకి నొక్కుతోందా, చెవి ఉడికిపోతోందా, అని ప్రతిదానికీ కొంతసేపు గడిపాడు. తరువాత పాఠాలావిడని మైకు దగ్గర నోరు మూసుకుని కూర్చోమని, హెడ్‌ఫోన్లలో గట్టిగా ఏదో పెట్టి, మైకులోకి ఎంత కారుతుందో చూశాడు. ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష. దానికి ఆయన దగ్గర ఒక రికార్డింగ్ ఉంది. అది వాళ్లక్కది.

అక్క ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఆయన్ని పెంచి పెద్ద చేసింది ఆవిడే. ఆయన మొదటిసారి టేపు రికార్డరు తెచ్చినప్పుడు, "ఏదో ఒకటి చదువక్కా" అంటే గోడ మీద అంటించిన హాస్టల్ నియమాలు గడగడా చదివింది. నీళ్లు వృథా చేయరాదు. మేడ మీద గట్టిగా నవ్వరాదు. దిండ్లు విసురుకోరాదు. చివరికి వచ్చేసరికి తనకే నవ్వొచ్చి ఆపేసింది. ఆపేసి లేచి గేటు తాళం వేయడానికి వెళ్లింది. నడుముకున్న తాళాల గుత్తి ఘల్లుఘల్లుమంటూ తలుపు దాకా వెళ్లడం కూడా టేపులో పడింది. అప్పట్నుంచి ఆయన ఏ హెడ్‌ఫోన్లు పరీక్షించినా దాంతోనే. మంచివైతే గుత్తిలో ఏది పెద్ద తాళంచెవో, ఏది చిన్నదో విడివిడిగా తెలియాలనేవాడు. అక్క చనిపోయిన ఏడాది ఆ టేపు లోపల పెట్టేశాడు. మళ్లీ ఇప్పుడే బయటికి తీశాడు.

మొదటి జతలో అక్క చదివింది, నవ్వింది, అంతే. తాళాల గుత్తి లేదు. "పై శబ్దాలు రావట్లేదు" అని పక్కన పెట్టాడు. రెండో దానిలోనూ లేదు. "దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు. "నాకూ దుప్పటే అనిపించింది మాస్టారూ" అన్నాడు ఓనరు. ఆ మాట దుకాణం వాడికి వెళ్లింది. వాడు సిగ్గుపడి ఇంకా ఖరీదైనవి పంపాడు. ఇవి విమానం నడిపేవాళ్లు కూడా కళ్లకద్దుకుంటారన్నాడు. ఆయన పెట్టుకుని, కళ్లు మూసి, "దుప్పటి పట్టుదే. అయినా దుప్పటే" అన్నాడు. ఓనరు ఆ మాటకి ఎంత మురిసిపోయాడంటే, వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ వ్యాపారం చేసేవాళ్లంతా తమ సరుకు గురించి దుప్పటి ఎంత మందమో చెప్పుకోవడం మొదలెట్టారు.

లోపల మాత్రం చెవులాయన గుండెలో రాయి పడింది. ఇన్ని కంపెనీలు ఒక్కసారిగా చెడిపోతాయా? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇంకో పెట్టె విప్పేవాడు.

చివరికి ఒక పెట్టె అడుగున, కొన్నవాటితో ఊరికే ఇచ్చే రకం ఒకటి దొరికింది. డబ్బా ప్లాస్టిక్కు. పెట్టుకున్నాడు. అక్క చదివింది, నవ్వింది, ఆగింది. తాళాల గుత్తి ఘల్లుమంది. పెద్దది, చిన్నది, ఆ పక్కన తుప్పు పట్టినది, అన్నీ. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇవే" అన్నాడు.

ఓనరు పెట్టుకున్నాడు. అర నిమిషంలో కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఆహా, ఎంత స్పష్టంగా ఉంది మాస్టారూ" అంటూ రుమాలు వెతుక్కున్నాడు. అల్లుడు కంప్యూటరు చూసి, గీత ఇక్కడ కొండలా లేచిందే అన్నాడు. కొండ ఉంటే మంచిదేగా, లోయ ఉంటే కదా గొడవ, అని మామగారు కసిరారు. పాఠాలావిడ వాటితో ఒక పేజీ చదివి బయటికి వచ్చింది. ఆవిడ నెమ్మదస్తురాలు, పల్లెత్తు మాట అనదు.

"అన్నయ్యా, నా మాటలు నన్నే కరుస్తున్నాయి" అంది.

అలవాటైపోతుందన్నాడు ఆయన. అలవాటైపోతుందన్నాడు ఓనరు. అందరికీ అవే కొందామని, మర్నాడు డబ్బు కడతానని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం చెవులాయన వాటిని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. వదిన గొంతు అంటే భార్యకి ప్రాణం. ఇద్దరూ వదినా మరదళ్లలా కాక అక్కాచెల్లెళ్లలా ఉండేవాళ్లు. ఆవిడ కూర తరుగుతూ తరుగుతూ, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఆయనే తలకి పెట్టాడు. వదిన నవ్విన చోట ఆవిడా నవ్వింది. ఆ తరువాత ఒక్కసారిగా వాటిని లాగేసింది.

"ఏంటండీ ఇది, స్పూన్ల డ్రాయరు నెత్తిన కుమ్మరించినట్టుంది."

"తాళాలు" అన్నాడు ఆయన గర్వంగా. "ఇన్ని తెస్తే, వీటిలోనే వినబడ్డాయి."

ఆవిడ ఒక్క క్షణం ఆయన్నే చూసింది. బీరువా మీద ఆయన పాత హెడ్‌ఫోన్లు ఉంటే దించి, దుమ్ము దులిపి, వాటితో మళ్లీ మొదట్నుంచి వింది. తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వీటిలోనూ ఉన్నాయండీ. ఎప్పటిలాగే, చక్కగా."

ఆయన తీసుకుని విన్నాడు. అక్క చదివింది, నవ్వింది. అంతే. హెడ్‌ఫోన్లు తీసేశాడు. భార్య లోపలికి వెళ్లింది.

ఆయన అలాగే కూర్చున్నాడు. ఎదురుగా టీవీ ఆపేసి ఉంది. ఆ నల్లటి అద్దంలో గది అంతా కనబడుతోంది. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. చేతిలో ఇంటి తాళాలున్నాయి. ఆయన వీపు వైపు చూస్తూ వాటిని మెల్లగా ఆడించింది. తరువాత గట్టిగా ఆడించింది. టీవీలో తాళాలు ఊగుతున్నాయి. గదిలో చడీచప్పుడు లేదు.

"బయటికి వెళ్తున్నావా?" అన్నాడు తిరక్కుండానే.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "లేదండీ" అంది. కొంచెం ఆగి, "కొంతకాలంగా పిలిస్తే పలకట్లేదని, నేనంటే లెక్కలేదనుకున్నా" అంది. ఆ గొంతులో కోపం లేకపోవడమే ఆయన్ని ఎక్కువ కుదిపింది.

మర్నాడు ఓనరు డబ్బు కట్టబోతుంటే చెవులాయన ఆపాడు. నిలబడే చెప్పాడు. సన్నటి శబ్దాలు తనకి వినబడటం లేదని, లిఫ్టులో పాము తను పెట్టిందేనని, "స" అన్నప్పుడల్లా చాల్లేదనుకుని పెంచుకుంటూ పోయానని, తిప్పి పంపినవన్నీ మంచివేనని, వాటిలో రెండోది కొనమని చెప్పాడు. ఈ ప్లాస్టిక్కువి చెవికి ఎంత తగ్గిందో అంతా కలిపి ఇస్తున్నాయి కాబట్టి తనకి మాత్రం అవే కావాలన్నాడు. అంతా అయ్యాక కుర్చీకి కట్టేసిన తాళ్లు తెగినవాడిలా ఊపిరి పీల్చుకుని, అల్లుడి వైపు చూశాడు.

ఓనరు డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఈయన చెవి పోయిందంటే, ఇన్నాళ్లూ ఊపిన తన తల సంగతేమిటి? దుప్పటి మాట ఎంతమందికి చెప్పుకున్నాడు. లేచి చెవులాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గొప్పవాళ్లు ఇలాగే అంటారు మాస్టారూ" అన్నాడు. "నాకేమీ తెలియదనడం, అదీ మీ పెద్దరికం."

కాదు సార్, నిజంగానే వినబడట్లేదని ఆయన రెండుసార్లు చెప్పాడు. చెప్పినకొద్దీ ఓనరు భక్తి పెరిగింది. రెండో రకం అందరికీ కొన్నారు. ప్లాస్టిక్కు జత ఒక్కటీ ఆయన బల్ల పక్కన మేకుకి తగిలించి, "మాస్టారు తప్ప ఎవరూ పెట్టుకోరాదు" అని ఓనరు అట్ట రాసి పెట్టాడు. ఆ "రాదు" చూసి చెవులాయనకి అక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ గదిలో ఆయన మాట నమ్మింది పాఠాలావిడ ఒక్కతే. అప్పట్నుంచి ప్రతి రికార్డింగ్ చివరా కొత్త హెడ్‌ఫోన్లతో ఆవిడ కూర్చుని విని, "స" దగ్గర పదునుంటే చూపుడువేలు ఎత్తేది. ఆయన మీట తగ్గించేవాడు. ప్లాస్టిక్కువి వచ్చాక ఆ వేలు లేవాల్సిన అవసరం తక్కువే పడింది. లిఫ్టులో అంతస్తులన్నీ మెత్తగా వచ్చాయి. కంపెనీ వాళ్లు మెచ్చుకున్నారు. అల్లుడు పక్క గదిలో వేరే కుర్చీ కొనుక్కున్నాడు.

ఇంట్లో మాత్రం ఆయన అక్క గొంతు పాత హెడ్‌ఫోన్లతోనే వినేవాడు. భార్య చాలా రోజులు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"వాటిలో మీకు తాళాలు వినబడవుగా?"

"వినబడవు" అన్నాడు. "తాళాలు వినబడితే అక్క లేచి వెళ్లిపోతుంది. వీటిలో చదవడం అయిపోయాక అక్కడే కూర్చుని ఉంటుంది."

గేటుకి తాళం వేయాల్సిన వేళయింది. ఆయనకి ఎలాగూ వినబడదని తెలిసి కూడా, ఆవిడ గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుని వెళ్లింది.