పెద్దమ్మ తివాచీ చెత్త ఆటో ఎక్కకూడదు

మా నేరేడ్‌మెట్ కాలనీ హాల్లో పరిచే తివాచీని, జంఖానాను, జనపనార పట్టాను సంఘం కార్యదర్శి వరండాలో పడేయించాడు. ఆదివారం పది గంటలకు చెత్త ఆటో ఎక్కిస్తాడట. ఇన్నేళ్లూ వాటిని కాపాడిన పెద్దమ్మ మొన్న సోమవారమే పోయింది. నాలుగు రోజులైనా ఆగలేకపోయాడు. ఇది అన్యాయం కాక ఏమిటి?

పెద్దమ్మ నాకు చుట్టం కాదు, పక్కింటావిడ. బొల్లారంలో ఒక పెద్ద బంగళాలో తివాచీలు చూసుకునేది. పని మానేశాక మా హాలును చూసుకుంది.

నేను ఆమె చేత మొదటిసారి తిట్లు తిన్నది ఒక శ్రమదానం రోజున. అంతకు ముందే సమానత్వం మీద ఒక కరపత్రం చదివి ఊగిపోతున్నాను. మూడింటినీ హాలు ముందు పరిచి, మూడింటి మీదా ఒకే వేడినీళ్లు, ఒకే సబ్బుపొడి కుమ్మరించాను. తివాచీ ఎరుపు జంఖానా అంచుకు పాకింది. పట్టా వారమంతా ముక్కిన వాసన కొట్టింది.

ఏందిరా ఇది అంటూ పెద్దమ్మ కొంగు దోపుకొని వచ్చింది. అన్నీ సమానమే కదా అన్నాను, తగ్గకుండా.

"సమానమే బిడ్డా. గని చంటిపోరనికి, తాతకు ఒక్కతీరు నీళ్లు పోస్తవా?"

ఆ రోజే నేర్పింది. ఉన్ని తివాచీకి చల్లనీళ్లు, కుంకుడు నురుగు, నీడ. నూలు జంఖానాను ఉతికి, తిరగేసి ఎండలో వేయాలి. జనపనారకు నీళ్లే వద్దు, దులిపి గాలికి పెడితే చాలు. దేన్నీ మడవకూడదు, మడత దగ్గరే చిరుగుతుంది. చుట్టి, మధ్యలో ఎండు వేపాకు వేయాలి.

అన్నిటికంటే ముందు దులపాలి, అదీ వెనకవైపు నుంచి.

"దులపకుండ తడిపితె దుమ్మంత బురదైతది. నీ కోపం సుత గంతే. జెర దులుపుకొని మాట్లాడు."

నిన్న కార్యదర్శితో కొట్లాటకే బయల్దేరాను. గుమ్మం దగ్గర ఆ మాట గుర్తొచ్చి, నెమ్మదిగా అడిగాను, వాటితో తక్లీఫ్ ఏమిటని. దుమ్ము, వాసన అన్నాడు. ఆదివారం పదిలోపు శుభ్రమైతే ఉంచుకోండి, నాకేం పంతం లేదన్నాడు. నేను రాసుకెళ్లిన కరపత్రం జేబులోనే ఉండిపోయింది.

కాబట్టి కాలనీ వాళ్లంతా ఆదివారం పొద్దున ఆరింటికి హాలు ముందుకు రండి. తలా ఒక కర్ర తెచ్చుకోండి. పెద్దమ్మ దశదినకర్మ నాడు ఆ తివాచీ మీదే కూర్చుందాం. కర్ర లేనివాళ్లకు ఆమె కర్ర ఉంది, హాలు తలుపు పక్కన. చేయి బొబ్బలెక్కకుండా ఆమె చుట్టుకున్న పాత చీర పేలిక దానికి ఇంకా అలాగే ఉంది.