జెండా యాదన్న వదిలేయలేదు

నిన్న పొద్దున ఎనిమిదింటికి వాట్సాప్ తెరిస్తే మా రన్నింగ్ గ్రూప్‌లో యాదన్న ఫొటో. పైన నల్ల రిబ్బన్.

ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. కోపంతో ఫోన్ చేశాను. యాదన్న నంబర్‌కే చేశాను, చూడండి నా తెలివి.

ఎత్తింది ఆయన భార్య పద్మ వదిన. ఏడుస్తూనే చెప్పింది.

చేపల మార్కెట్‌కు బయలుదేరుతూ గుమ్మంలోనే కూలిపోయాడట. గుండెపోటు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

అప్పుడే గ్రూప్‌లో ఒక మహానుభావుడి కామెంట్: "రన్నింగ్ ఎక్కువైతే ఇంతే." ఆయన జన్మలో బస్సు కోసం కూడా పరుగెత్తిన మనిషి కాదు.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. యాదన్న అంటే ఇబ్రహీంపట్నంలో చేపలమ్మే యాదయ్య. వయసు యాభై రెండు. మా ఊరి పది కిలోమీటర్ల రేస్‌లో చివరి గుంపుకు పేసర్.

పేసర్ అంటే గెలిచేవాడు కాదు. '90' అని రాసిన జెండా పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో పరుగెత్తి, వెంట వచ్చిన వాళ్ళను తొంభై నిమిషాల్లో గీత దాటించాలి. తొంభై దాటితే మెడల్ లేదు, సర్టిఫికెట్ లేదు.

ఆయన దగ్గర ఖరీదైన వాచీ లేదు. పరుగెత్తుతూనే మమ్మల్ని రాత్రి ఏం కూర వండారని అడిగేవాడు. చింతపండు రసం ఎప్పుడు పోశావు, ఉప్పు ఎప్పుడు వేశావు, అన్నీ చెప్పాలి. ఆయాసం లేకుండా కూర మొత్తం చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. మధ్యలో ఆగిపోయామా, జర మెల్లగా అనేవాడు. మాకు నవ్వొచ్చేది. కానీ ఆయనతో వెళ్ళిన వాళ్ళు ఒక్కరు కూడా మధ్యలో పడిపోలేదు.

ఇక రెండేళ్ళ కిందటి రేస్ సంగతి.

మన్నెగూడ వైపు ఐదు కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి రావాలి. మా గుంపులో ఎనిమిది మంది ఆడవాళ్ళం. ఎనిమిదో కిలోమీటర్ దగ్గర ఎల్లమ్మ వెనకబడింది. నర్సరీలో మొక్కలకు నీళ్ళు పట్టే పని ఆమెది. జీవితంలో అదే మొదటి రేస్. డొక్కలో పట్టేసి రోడ్డు పక్కన వంగిపోయింది.

పేసర్ ఆగకూడదు. ఆగితే మిగతా ఏడుగురి టైమ్ పోతుంది. ఆగకపోతే ఎల్లమ్మ పోతుంది.

యాదన్న జెండా తీసి నా చేతిలో పెట్టాడు.

"చెల్లె, గిదే వేగం. జోరు చెయ్యకు, ఆగకు. నేను ఎల్లమ్మను తీస్కొని ఎనక వస్తున్న."

నేను పట్టుకున్నాను. ఆయన చెప్పినట్టే నడిపించాను. మేం ఏడుగురం ఎనభై ఎనిమిది నిమిషాల్లో వచ్చాం. ఇంకో నిమిషానికి యాదన్న వచ్చాడు, పక్కనే బిర్యానీలో మసాలా సంగతి చెబుతూ ఎల్లమ్మ. ఎనిమిది మందిమీ టైమ్‌లోనే ఉన్నాం.

కానీ దాటడానికి గీత ఎక్కడుంది?

చీఫ్ గెస్ట్‌కు ఇంకో ప్రోగ్రాం ఉందట. ఆయన కారు ఎక్కగానే, గీత మీద గాలి నింపి నిలబెట్టిన ఆర్చ్‌లో గాలి తీసేశారు. దాటిన వాళ్ళ టైమ్ నమోదు చేసే మ్యాట్ చుట్టి ఆటోలో వేసేశారు. మేం వచ్చేసరికి కుర్చీలు సర్దుతున్నారు.

సాయంత్రం రిజల్ట్స్‌లో తొమ్మిది మందికీ డీఎన్ఎఫ్. అంటే రేస్ పూర్తి చేయలేదని.

యాదన్న ఆర్గనైజర్ల దగ్గరికి వెళ్ళి అడిగాడు. తన కోసం కాదు, ఎల్లమ్మ మెడల్ కోసం. తమ తప్పు ఒప్పుకుంటారా? దారిలో ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో బయటికి తీశారు. అందులో జెండా నా చేతిలో ఉంది. ఇంకేం కావాలి? "పేసర్ జెండా వదిలేసి పోయాడు, గుంపు లేటయింది, అందుకే క్లోజ్ చేశాం" అని గ్రూప్‌లో పెట్టారు. పేసర్ల లిస్ట్‌లోంచి పేరు తీసేశారు.

రెండేళ్ళు. చేపల బండి దగ్గర కూడా "ఏమన్నా, జెండా యాడ వడేసినవ్" అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నిన్న అదే ఆర్గనైజర్లు పోస్టర్ వేశారు. "మా గర్వం, మా లెజెండ్ పేసర్" అట. కింద స్పాన్సర్ల లోగోలు. సిగ్గనిపించలేదా మీకు?

ఇవాళ పొద్దున దహనానికి ముందు టీషర్టులు వేసుకుని వచ్చి, యాదన్న మెడలో మెడల్ వేసి ఫొటో దిగబోయారు. పద్మ వదిన లేచింది. మెడల్ తీసి వాళ్ళ చేతిలోనే పెట్టింది.

"ఉరుక్కుంట వచ్చిననాడు ఇయ్యలే. గిప్పుడు పండుకున్నోని మెడల ఏస్తె ఎవల కోసం? తీస్కపోండి."

గొంతు కూడా పెంచలేదు. వాళ్ళు తల దించుకుని వెళ్ళిపోయారు.

నేనూ తల దించుకునే ఉన్నాను.

ఎందుకంటే ఆ ఫొటోలో జెండా పట్టుకున్నది నేను. అసలు సంగతి తెలిసినదాన్ని నేను. ఆర్గనైజర్లలో ఒకాయన నేను పాఠాలు చెప్పే స్కూల్ కరస్పాండెంట్. ఉద్యోగం పోతుందని రెండేళ్ళు నోరు మూసుకున్నాను. యాదన్న ఒక్కసారి కూడా నన్ను సాక్ష్యం చెప్పమని అడగలేదు. కనబడితే పిల్లలు ఎట్లున్నారని మాత్రమే అడిగేవాడు.

ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. జెండా ఆయన వదిలేయలేదు. నా చేతికిచ్చి ఎల్లమ్మ కోసం వెనక్కి వెళ్ళాడు. తొమ్మిది మందిమీ టైమ్‌లోనే వచ్చాం. రిజల్ట్స్ సరిచేయండి. రేపు స్కూల్‌లో పిలిచి అడిగితే ఇదే చెబుతాను.

మంచి పని చేస్తున్నావని నాకు లైకులు కొట్టకండి. వినాల్సిన మనిషి లేనప్పుడు చెబుతున్నాను.

పోయిరా యాదన్నా. నన్ను మన్నించమని అడిగే ముఖం లేదు. నువ్వున్న చోట నీకు నెమ్మది దొరకాలి.