బండి బాగానే ఉందన్నారు

మా మావయ్య పోయారు. పోయిన నెల, ఒక శుక్రవారం పొద్దున. ఆకివీడులో నేను పనిచేసే ల్యాబులో చెరువు నీళ్ళ సీసాలకు చీటీలు అంటిస్తుంటే అత్తయ్య ఫోను చేసింది. "మీ మావయ్య లేవట్లేదమ్మా" అంది. నేను మా ఊరు పెదపాడు చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు. అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది మావయ్య పనిచేసిన చేపల చెరువుల ఆసామి. చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఎంత మర్యాదగా కూర్చున్నారో! అప్పటికి నాకు పూర్తి సంగతి తెలియదు. అయినా ఒళ్ళు మండిపోయింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. సగం జీవితం వరి పొలాల్లో ట్రాక్టరు తోలారు. ఆ పొలాలన్నీ చేపల చెరువులయ్యాక, గట్ల మీద మేత బస్తాలు మోసే నాలుగు చక్రాల బండి ఆయన చేతికొచ్చింది. మోటారు సైకిలుకున్నట్టు హ్యాండిలు, లావుపాటి గరుకు టైర్లు. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. హ్యాండిలు పక్కనున్న మీట నొక్కితే ముందు చక్రాలు కూడా లాగుతాయి, ఎదురుగా పచ్చ లైటు వెలుగుతుంది. దాన్నే మా వాళ్ళు ఫోర్ వీల్ వేయడం అంటారు. అది వేస్తే ఇక బండికి తిరుగులేదని కుర్ర డ్రైవర్ల ధీమా. మావయ్యకు ఆ ధీమా అంటేనే చిరాకు.

ల్యాబు పరీక్షలకు నీళ్ళు పట్టుకోవడానికి గట్టుగట్టుకీ నడిచి నా కాళ్ళు పడిపోతుంటే, జాలిపడి నాకు బండి నేర్పింది ఆయనే. మొదటి రోజు కనీసం స్టార్టు చేయనివ్వలేదు. తువ్వాలు బురదలో పరిచి, దాని మీద నన్ను పడుకోబెట్టి, బండి అడుగున ఇంజను నుంచి ముందు చక్రాలకు వెళ్ళే ఇనుప షాఫ్టు చూపించారు. అది తిరిగితేనే ముందు చక్రాలు తిరుగుతాయని, లైటుదేముంది, లైటు మీట మాట వింటుందే తప్ప చక్రం మాట వినదని చెప్పారు. పై తరగతి పాఠంలా ఉంది గానీ ఆ రోజు నాకు ఒళ్ళంతా బురద తప్ప ఇంకేం గుర్తులేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే నేర్పారు. బురదలో దిగబడ్డాక కాదు, బురద రాకముందే బండి ఆపి ఫోర్ వీల్ వేసుకోవాలి. చక్రాలు తిరుగుతుండగా మీట ముట్టుకోకూడదు. గట్టు వాలు దిగేటప్పుడు నిటారుగా దిగాలి, అడ్డంగా తిప్పకూడదు. చిన్న గేరులో, నాలుగు చక్రాలూ పట్టి ఉంచేలా, నత్తలా దిగాలి. "నాలుగూ వేశాక వెళ్ళడం గురించి ఆలోచించకమ్మా, ఆగడం గురించి ఆలోచించు" అనేవారు. గట్టి నేల ఎక్కగానే తీసెయ్యాలి. ఒకసారి నేను తీయడం మర్చిపోయి సిమెంటు రోడ్డెక్కాను. హ్యాండిలు రాయిలా బిగుసుకుపోయింది. మావయ్య నన్ను దింపేసి, బండి ఆయన తీసుకుపోయి, నన్ను ఎండలో ఇంటికి నడిపించారు. సాయంత్రం అత్తయ్య చేత పెసరట్టు వేయించి పెట్టారు కానీ, క్షమించానని మాత్రం అనలేదు.

ప్రతి సోమవారం ఆయనకో పద్ధతి ఉండేది. మేత ఎత్తకముందే బండి కింద సిమెంటు దిమ్మలు పెట్టి నాలుగు చక్రాలూ నేల మీంచి లేపేవారు. ఫోర్ వీల్ వేసి, నాలుగూ తిరుగుతున్నాయో లేదో చుట్టూ తిరిగి చూసుకునేవారు. ఆ తర్వాతే టీ. మిగతా డ్రైవర్లు సోమవారం పూజ అయిందా అని ఏడిపించేవాళ్ళు. అయిందిరా, ప్రసాదం మీ మేస్త్రీనడుగు అనేవారు ఆయన.

ఒక్క సోమవారం ఆ పని చేయలేదు. అది ఎందుకు చేయలేదో నాకు తెలుసు, ఎందుకంటే నేను పక్కనే ఉన్నాను. మా రెండిళ్ళకీ ఒకటే ప్రహరీ. ముందురోజు ఆదివారం మావయ్య కంటి పరీక్షకు ఏలూరు వెళ్ళారు. ఆ రాత్రంతా వాన. తెల్లారగానే ఆసామి ఫోను. గాలాడక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి, ఆక్సిజన్ మందు బస్తాలు వెంటనే చివరి చెరువుకి చేరాలి. మావయ్యకు ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడటం అలవాటు. దిమ్మలెక్కించి ఒకసారి చూసుకుని బయల్దేరతానన్నారు. ఆసామి ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

"టైము లేదండి బాబాయిగారూ. ఈ ఒక్క సోమవారం వదిలేయండి. బండి బాగానే ఉందండి."

చివరి చెరువు దగ్గర వాలు దిగుతుండగా బండి వెనక భాగం జారి అడ్డం తిరిగి బోర్లా పడింది. మావయ్య కింద పడ్డారు. తుంటి విరిగింది. అయిదు నెలలు మంచంలో ఉన్నారు.

ఆసామి ఆసుపత్రికి బత్తాయిలు తెచ్చారు. మంచం పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ మెత్తగా చెప్పారు, పాపం పెద్ద వయసు కదండీ, కంగారులో ఫోర్ వీల్ వేయడం మర్చిపోయి ఉంటారండి అని. ఆ మాట కొల్లేటికోట దాకా పాకింది. కొత్తగా చేరే డ్రైవర్లకు మా మావయ్యనే ఉదాహరణగా చెప్పడం మొదలుపెట్టారు. మావయ్య విన్నారు. "వేశాననే గుర్తమ్మా. లైటు చూశాననే గుర్తు" అని మొదట్లో నాతో అనేవారు. తర్వాత తర్వాత, దుప్పటి మీద బొటనవేలితో లేని మీటను నొక్కుతూ, "ఏమో, మర్చిపోయానేమో" అనడం మొదలుపెట్టారు. ఆ ఏమోతోనే పోయారు. జీవితంలో ఒక్కసారి కూడా మర్చిపోని మనిషి.

పోయిన నాలుగో రోజు ఆయన కళ్ళజోడు పెట్టె బండి సీటు కింద ఉందని అత్తయ్య అంటే షెడ్డుకి వెళ్ళాను. ఆసామి కొత్త బండి కొన్నారు. పాతది టార్పాలిన్ కింద ఉంది. పెట్టె తీసుకున్నాక ఎందుకో చున్నీ నేల మీద పరిచి బండి కింద పడుకున్నాను. షాఫ్టు ఉండవలసిన చోట ఏమీ లేదు. అది బిగించే కొసకి దుమ్ము పోకుండా గోనె గుడ్డ చుట్టి తీగతో కట్టి ఉంది.

తాడేపల్లిగూడెంలో ఆ బండ్లు బాగుచేసే మెకానిక్కు దాచలేదు. ఆ ఆదివారం ఆసామి చుట్టాలను ఎక్కించుకుని, ఫోర్ వీల్ వేసి, సిమెంటు రోడ్డు మీద సరదాగా తిప్పి ముందు భాగం విరగ్గొట్టారట. సామాను వచ్చేదాకా షాఫ్టు తీసి పక్కన పెట్టింది తనేనని, పెద్దాయనకి తప్పకుండా చెప్పండని మరీ చెప్పానని, చెబుతానన్నారని అన్నాడు. ఎలా చెబుతారు? సిమెంటు రోడ్డు మీద వేయొద్దని మావయ్య ఆయనకు వందసార్లు చెప్పి ఉంటారు. జీతగాడి ముందు నేనే విరగ్గొట్టానని ఒప్పుకోవాలంటే నామోషీ. ఆ నామోషీకి మా మావయ్య తుంటి విరిగింది, పేరు పోయింది, ప్రాణం పోయింది.

మా వాళ్ళు పోనీలెమ్మన్నారు. పోయిన మనిషి తిరిగొస్తాడా అన్నారు. నాకు పోనివ్వాలని లేదు. ఇది పగే. ఆయన మంచాన పడి ఏమో అన్న ప్రతిసారికీ బదులు తీర్చుకోవాలనిపించింది. కానీ ఆసామి మీద అరవదలుచుకోలేదు. మావయ్య ఎవరి మీదా అరిచేవారు కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు సోమవారం. చుట్టుపక్కల చెరువుల డ్రైవర్లందర్నీ షెడ్డుకి పిలిచాను. మెకానిక్కు వచ్చి ఇంజను స్టార్టయ్యేలా చేశాడు. బండిని దిమ్మల మీదకు ఎక్కించాం. ఆసామికి కబురు పెట్టాను, మావయ్య సోమవారం పద్ధతి చివరిసారి చేస్తున్నామండి, మీ చేతుల మీదుగా జరగాలండి అని. రాకుండా ఎలా ఉంటారు, మర్యాదస్తులు కదా. మెకానిక్కుని చూడగానే మొహం మాడింది. అప్పటికే ముప్పై మంది ఆయనకు దారిచ్చి నిలబడ్డారు.

ఎక్కి కూర్చున్నారు. ఇంజను వేసి, గేరు వేసి, మీట నొక్కారు. పచ్చ లైటు వెలిగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ముందు చక్రాలు కదల్లేదు. అందరిలోకీ పెద్ద డ్రైవరు బండి కిందకి వంగి చూసి, షాఫ్టు లేదర్రా అన్నాడు.

"లైటు వెలిగిందాండీ?" అని అడిగాను.

"వెలిగిందమ్మా" అన్నారు, నేల చూస్తూ.

"మా మావయ్యకి కూడా వెలిగిందండి."

పెద్ద డ్రైవరు తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే తీశారు. ఆసామి ఇంజను ఆపబోతే తాళం చేతికి దొరకలేదు.

నేను ముందుకి వెళ్ళి, కదలని చక్రాన్ని ఒక్క వేలితో తోశాను. ఆ రోజు బురద ఇంకా దాని టైరు గాడుల్లో ఎండి ఉంది. ఏ పట్టూ లేకుండా, తేలిగ్గా, తిరుగుతూనే ఉంది.