పక్క దుకాణం తెరిచిన తీర్పు

తీర్పు సంగతి మొదట నాకు చెప్పింది మా మరిది. బోధన్‌లో మా బెల్లం దుకాణానికీ, పక్కావిడ దుకాణానికీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఒకేసారి రద్దయింది. జీఎస్టీ ఆఫీసు వాళ్లు నోటీసులు కంప్యూటర్‌లో పెడితే, మేము పోస్టుమ్యాన్ కోసం చూస్తూ కూర్చున్నాం. "కోర్టు మెట్లెక్కుడు మన ఇంట్ల లేదు" అని మా ఆయన షట్టరు దించేశారు. పక్కావిడ ఎక్కింది. దుకాణం వాళ్ల మాట వినకుండా రిజిస్ట్రేషన్ రద్దు చేయడం చెల్లదని హైకోర్టు అందట.

ఇద్దరి మొక్కూ లింబాద్రి గుట్ట స్వామికే. ఆమెదే విన్నాడా అని కడుపు మండింది.

సాయంత్రం ఆమే వచ్చింది. "అక్కా, తీర్పు నకలు తెచ్చిన. అన్నను మా వకీలు దగ్గరికి తోలు. మీది గూడ తెరుసుకుంటది."

ఆ మేలు మరువలేను. అయినా ఆమె షట్టరు లేచిన చప్పుడుకు మనసు ఇంకా ఉడుకుతుంది. మీరు దండం పెట్టుకునేటప్పుడు ఆమెను తలుచుకోండి. ఆమె కోసం మొక్కడానికి నాకింకా నోరు రావడం లేదు.