దేవుని గుప్పెడు

పొద్దుగాల కుక్కర్ల బియ్యం పోస్తుంటే నా చెయ్యి దానంతట అదే ఒక గుప్పెడు తీసి పక్కకు పట్టుకుంది. ఎందుకో యాదికొచ్చి అట్లనే నిలబడిపోయిన.

మన ఊరు మట్మారిల ఇండ్లల్ల పొయ్యి పక్కన డాల్డా డబ్బా ఉండేది, యాదికుందా? ఎసట్ల పోసే ముందు అమ్మలు దేవునిదని గుప్పెడు బియ్యం అందుల ఏసేటోళ్లు. ఆదివారం అవన్నీ చర్చిల ఒక్క కుప్ప. ఎవరింట్ల జొరమొస్తే ఆ బియ్యం ఆ ఇంటికే పోయేటివి. మా నాయిన పడకేసినప్పుడు పక్క సందు రూతమ్మ పెద్దమ్మ కొంగుల బియ్యం తెచ్చి, "ఏందే, గిట్ల కూసున్నవ్? లే, పొయ్యి ముట్టియ్యి" అని అమ్మను కసిరింది. తనే గంజి కాసి, మేమందరం తాగినంకనే మోకరించింది. ఆ గంజి వాసన, పొగ పట్టిన ఆమె కొంగు వాసన... నాకు ప్రార్థనంటే ఇప్పటికీ అదే.

ఇప్పుడు నా మొగుడు మంచం పట్టిండు. సంఘం వాట్సాప్ గ్రూపుల "ప్రార్థన చెయ్యుండ్రి" అని పెట్టిన. జోడించిన చేతుల బొమ్మలతోని ఫోన్ నిండిపోయింది. పూల మీద రాసిన వాక్యాలొచ్చినయ్. పక్కింటి అక్క కూడా గోడవతల కూసొని "ఆమెన్" అని పెట్టింది. తలుపు మాత్రం ఎవ్వరూ కొట్టలే.

మా ఇంట్ల ఆ డబ్బా ఎప్పుడో పోయింది. చేతిల గుప్పెడు మళ్ల కుక్కర్లనే ఏసిన.